లోపలున్నవాళ్ల రోజులు ఎవరు లెక్కపెట్టాలి?

"సారూ, మా పోరడు జేల్ల ఉన్నడా, దవాఖానల ఉన్నడా? గదొక్కటి చెప్పున్రి, సాలు."

కిందటేడాది వానాకాలంలో దేవరకొండ దిక్కు తండా నుంచి వచ్చిన ఒక తల్లి నన్నడిగిన మాట ఇది. చేతిలో బట్టల షాపు కవరు. అందులో కొడుకు ఆధార్ జిరాక్సు, మడతలు పడి చినగబోతున్న ఎఫ్ఐఆర్ కాపీ, ఒక ఓపీ చిట్టీ, రెండు జతల బట్టలు, వేయించిన పల్లీల పొట్లం. బోరు మోటారు కేబుల్ వైరు దొంగతనం కేసులో కొడుకును రిమాండ్ చేశారు. ములాఖత్‌కు పోతే దవాఖానకు పంపామన్నారు. దవాఖానకు పోతే హైదరాబాద్‌కు రాశామన్నారు. హైదరాబాద్ పోతే గేటు దగ్గర మనిషి "ఖైదీని చూడాలంటే జైలు నుంచి కాగితం తెచ్చుకో" అని తిప్పి పంపాడు. మూడు గేట్లు తిరిగి నా దగ్గరికొచ్చింది. నేను వకీలును కాను. న్యాయ సేవాధికార సంస్థ తరఫున పారా లీగల్ వాలంటీరుగా తిరుగుతూ ఇలాంటివాళ్లకు దరఖాస్తులు రాసిపెట్టే మనిషిని.

ఆమె ప్రశ్నకు సరైన జవాబు, రెండు చోట్లా ఉన్నాడని. ఒంటికి దవాఖాన, కాగితానికి జైలు. జైల్లో ఉన్నవాడికి కొన్ని చట్టాలు, మానసిక వైద్యశాలలో ఉన్నవాడికి వేరే చట్టం. ఈ రెండిటి సందులో పడ్డవాడికి రెండూ వర్తించాలి. జరిగేది మాత్రం వీళ్లు వాళ్ల మీద, వాళ్లు వీళ్ల మీద చెప్పుకోవడం. ఇన్నాళ్లు తిరిగాక నాకు అర్థమైంది ఒకటుంది. లోపలున్న మనిషికి హక్కు అంటే చాలాసార్లు ఒక తేదీ. ఇన్ని గంటల్లో కోర్టుకు తేవాలి, ఇన్ని రోజుల్లో చార్జిషీటు వేయాలి, దవాఖానలో ఇన్ని రోజులు దాటితే సమీక్ష బోర్డును అడగాలి. బయట ఎవరో ఒకరు ఆ రోజులు లెక్కపెట్టకపోతే తేదీ వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు.

కల్లు బంద్ అయిన మూడో రోజు

ముందు ఆ పిల్లగాడికి ఏమైందో చెప్పాలి, ఎందుకంటే మన పాలమూరు, నల్లగొండ దిక్కు ఇది కొత్త సంగతేం కాదు. అరెస్టయిన మూడో రోజుకు చేతులు వణకడం మొదలైంది. నిద్ర లేదు. గోడ మీద చీమలు పాకుతున్నాయని గీకుతున్నాడు. రాత్రి ఫిట్స్ వచ్చాయి. తోటి ఖైదీలు కొందరు పిచ్చి లేచిందన్నారు, కొందరు నటిస్తున్నాడన్నారు. తల్లి ఒక్క ముక్కలో తేల్చేసింది: "కల్లు బంద్ అయింది గద సారూ." ఆమెను ఆ మాట అడిగినవాళ్లే లేరు.

చాలా కల్లు దుకాణాల్లో అమ్మేది చెట్టు కల్లు కాదని అందరికీ తెలుసు. అల్ప్రాజొలం, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారు. ఏళ్ల తరబడి అది తాగిన మెదడు దానికే అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, లేనివి కనపడటం, కొందరిలో ప్రాణం మీదికి రావడం. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూసినప్పుడు రాష్ట్రంలో దవాఖానలకు ఇలాంటి కేసులు వరుస కట్టాయి. డాక్టరు చేతిలో పడితే మందు కొద్దికొద్దిగా తగ్గిస్తూ బయటికి తేగలరు. లాకప్‌లో పడితే నటన అంటారు.

చట్టం ఇక్కడ గట్టిగానే ఉంది. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం పోలీసు కస్టడీలో ఉన్న మనిషిని ప్రతి 48 గంటలకోసారి డాక్టరుకు చూపించాలి. జైల్లోకి వచ్చిన ఖైదీని వైద్యాధికారి పరీక్షించి ఒంటి మీది దెబ్బలు, ఆరోగ్యం రాసిపెట్టాలని 1894 నాటి జైళ్ల చట్టమే చెప్పింది, అదీ బ్రిటిష్‌వాడు రాసింది. కాబట్టి ఇంటివాళ్లు చేయాల్సిన మొదటి పని వకీలును వెతకడం కంటే ముందే ఉంది. రోజూ ఎన్ని సీసాలు తాగుతాడు, ఫిట్స్ ఉన్నాయా, మెంటల్ ట్యాబ్లెట్లు ఏమైనా వాడుతున్నాడా అన్నది తెల్లకాగితం మీద రాసి స్టేషన్‌లోనో, రిమాండ్ చేసేటప్పుడు మేజిస్ట్రేటు ముందో ఇవ్వాలి. నామోషీ అనుకుని దాచిపెట్టే ఇళ్లే ఎక్కువ. నాకు తెలిసి అంత ఖరీదైన నామోషీ ఇంకోటి లేదు.

జైలు లెక్క

జైల్లో ఉన్నవాళ్లంతా నేరం రుజువైనవాళ్లని ఊళ్లో అనుకుంటారు. 2022 చివరి లెక్క ప్రకారం దేశంలో ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే, అంటే ఇంకా తీర్పు రానివాళ్లు. మన రాష్ట్రంలో వీళ్లు కాక పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) కింద లోపలేసినవాళ్లు వేరే. వాళ్ల మీద ఆ నిర్బంధానికి విచారణే ఉండదు, గరిష్ఠంగా 12 నెలలు ఉంచవచ్చు. ఈ చట్టాన్ని తెలంగాణలో ఇష్టమొచ్చినట్టు వాడుతున్నారని సుప్రీంకోర్టు 2023లో గట్టిగానే మందలించింది. ఒక విచిత్రం: పీడీ యాక్ట్ ఖైదీకి ఓటు హక్కు ఉంది, నేరం రుజువు కాని రిమాండ్ ఖైదీకి లేదు. ఎందుకని నన్నడగకండి, ప్రజాప్రాతినిధ్య చట్టంలో అలాగే ఉంది.

విచారణ ఖైదీకి తేదీలు ఇలా నడుస్తాయి. అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. 60 రోజుల్లో, పెద్ద నేరాలైతే 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిల్ అడిగే హక్కు వస్తుంది. అప్పుడు కోర్టు కాదనడానికి లేదు, కానీ అడగాలి. అడగకముందే చార్జిషీటు పడితే ఆ హక్కు పోయినట్టే. తర్వాతది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్ష సంహిత 479వ సెక్షన్: ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపలే గడిచిపోతే విడుదల చేయాలి, అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడైతే మూడో వంతు చాలు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది లేదు. మామూలు దొంగతనానికి గరిష్ఠం 3 ఏళ్లు, అంటే ఇంతకుముందు శిక్ష పడనివాడికి ఏడాది. దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే అని కూడా అదే సెక్షన్ చెబుతుంది. ఈ సెక్షన్ రాకముందు కేసుల్లో ఉన్నవాళ్లకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది.

వినడానికి బాగుంది. చిన్న చిక్కు ఏమిటంటే, ఒకటి కంటే ఎక్కువ కేసులు పెండింగ్‌లో ఉంటే 479 పనిచేయదు. కేబుల్ వైరు దొంగను పట్టుకున్నప్పుడు ఒక్క కేసుతో ఎవరు ఊరుకుంటారు? ఆ చుట్టుపక్కల తేలని నాలుగైదు కేసులు కూడా కలుస్తాయి. ఇక్కడ బెయిల్ వస్తే అక్కడి కేసులో పీటీ వారెంటు, అంటే జైల్లో ఉన్నవాణ్ని ఆ కోర్టుకు తెమ్మనే ఉత్తర్వు, వేస్తారు. చట్టం ఇచ్చిన తేదీ అలా చేతికి అందుతూ అందుతూ జరిగిపోతుంటుంది.

బెయిల్ వచ్చినా జమానత్ కావాలి. పాస్‌బుక్కో, ఇంటి పన్ను రసీదో ఉన్నవాళ్లు మామూలుగా ఇద్దరు రావాలి. భూమి లేని ఇంటికి ఇద్దరు జామీనుదార్లను తేవడమంటే బెయిల్ తెచ్చుకోవడం కంటే కష్టం. పాలమూరు లేబర్‌కు ఇది ఇంకా కష్టం. దేశంలో ఏ ప్రాజెక్టు కట్టినా మన మనిషి అక్కడ మట్టి మోసినవాడే. అక్కడ కేసైతే ఆ ఊళ్లో అతనికి జమానత్ ఉండేదెవరు? 1978లో మోతీరామ్ కేసులో సరిగ్గా ఇదే వచ్చింది. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ మేస్త్రీకి 10,000 రూపాయల పూచీకత్తు అడిగి, అతని అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు తోసిపుచ్చాడు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్‌కు మండింది. ఒక మలయాళీయో తెలుగువాడో బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే ఎక్కడి నుంచి తెస్తాడని తీర్పులోనే అడిగాడు. మొన్న 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకో మెట్టు దిగి వచ్చింది. బెయిల్ వచ్చిన 7 రోజుల్లో ఖైదీ బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. నెల దాటితే షరతులు తగ్గించవచ్చేమో కోర్టే చూడాలి.

దవాఖాన లెక్క

హైదరాబాద్‌లో సర్కారు మానసిక వైద్యశాల ఉండేది ఎర్రగడ్డలో. మన దిక్కు ఎర్రగడ్డ అంటే ఊరి పేరు కాదు, తిట్టు. "వాణ్ని ఎర్రగడ్డల ఏస్తరు" అంటే మనిషి లెక్క తీరిపోయినట్టు. ఆ మాటకు కారణం లేకపోలేదు. 1912 నాటి పిచ్చివాళ్ల చట్టం కిందైనా, దాని స్థానంలో వచ్చిన 1987 చట్టం కిందైనా లోపలికి పోవడానికి దారి వెడల్పు, బయటికి రావడానికి ఇరుకు. జైల్లో ఉన్నవాడు గోడ మీద గీతలు గీసుకుంటాడు, ఎందుకంటే చివరి గీత ఎక్కడో తెలుసు. పిచ్చాసుపత్రిలో ఉన్నవాడికి ఆ చివరి గీత ఉండేది కాదు.

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 చేసిన పెద్ద పని ఆ గీత గీయడం. తనంతట తాను చేరినవాడు పోతానంటే పంపాలి, మరీ ప్రమాదం అనిపిస్తే 24 గంటలు మాత్రం ఆపి పరీక్షించవచ్చు. మనిషి తానుగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే అతని ప్రతినిధి కోరిక మీద చేర్చుకోవచ్చు, కానీ ఇద్దరు వేర్వేరుగా పరీక్షించి అవసరమే అనాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి. భూమి పంచాయితీలో అక్కను పిచ్చిదని ముద్ర వేద్దామనుకునే తమ్ముడికి ఈ రెండో పరీక్షే అడ్డు. అలా చేర్చుకున్నది 30 రోజుల వరకే. చేర్చుకున్న సంగతి మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు 7 రోజుల్లో, ఆడవాళ్లు, పిల్లలైతే 3 రోజుల్లో తెలపాలి. ఈ చేర్పు తప్పని అర్జీ పెడితే బోర్డు 7 రోజుల్లో తేల్చాలి. 30 రోజులు దాటితే బోర్డు ఒప్పుకోవాలి, మొదట 90 రోజులు, తర్వాత 120, ఆపైన 180. బోర్డుకు అధ్యక్షత జిల్లా జడ్జిది, లేదా ఆ పదవికి అర్హత ఉన్న న్యాయాధికారిది, లేదా రిటైర్డ్ జిల్లా జడ్జిది. సభ్యుల్లో జబ్బు పడి లేచినవాళ్లకో, వాళ్లను చూసుకున్నవాళ్లకో కూడా చోటుంది. అర్జీకి ఫీజు లేదు.

గొలుసు వేయడం పూర్తిగా నిషేధం. మత్తు ఇవ్వకుండా కరెంటు షాకు నిషేధం. ఏకాంతంగా గదిలో పెట్టి తాళం వేయడానికి లేదు. వేరే దారి లేక చేతులు పట్టి ఆపాల్సి వచ్చినా ఎందుకు, ఎంతసేపు అన్నది కేస్‌షీట్‌లో రాయాలి. బలవంతంగా గుండు చేయకూడదు. యూనిఫాం తొడగకూడదు, సొంత బట్టలు వేసుకుంటానంటే వేసుకోనివ్వాలి. ఫోన్, ఉత్తరం హక్కులే. జబ్బు ఉందని డాక్టరు రాసినంత మాత్రాన ఆ మనిషి చట్టం దృష్టిలో మతిలేనివాడు కాడు, ఆ మాట అనాల్సింది కోర్టు మాత్రమే. అందుకే జబ్బు ఉన్నా ఓటు పోదు, భూమి పోదు. నయమైనవాళ్లను తీసుకుపోయే దిక్కు లేదన్న ఒక్క కారణంతో ఆసుపత్రిలోనే ఉంచకూడదని కూడా చట్టంలో ఉంది. అమలు సంగతి వేరు. తమ్ముడు ఫోన్ ఎత్తడు, గ్రామంలో ఉండే ఇల్లు ఎప్పుడో పేరు మారిపోతుంది, నయమైన అక్క వార్డులో పూలు కట్టుకుంటూ ఉండిపోతుంది. అలాంటి ఒకరిని నేనూ చూశాను. చట్టం ఆమెకు తేదీ ఇచ్చింది, ఇల్లు ఇవ్వలేకపోయింది.

బస్టాండులో తిరిగే మతిస్థిమితం లేనివాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వాళ్లను పోలీసులు లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో ప్రభుత్వ దవాఖానకు తీసుకుపోవాలి. నేరం చేయని మానసిక రోగులను జైల్లో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 1993లోనే షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంట్లో పశువుల కొట్టంలో కట్టేసిన మనిషిని చూస్తే పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత చూసినవాళ్లకు ఉంది. కట్టేసిన ఇంటివాళ్లందరూ దుర్మార్గులేం కాదు, కూలికి పోతే చూసేవాళ్లు లేక కట్టేస్తారు. కానీ 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా పక్కన నడిచే ఒక ఆశ్రమానికి నిప్పంటుకుంటే 28 మంది చనిపోయింది కూడా కాళ్లకు గొలుసులుండి పారిపోలేకే.

రెండు లెక్కలూ కలిసిన చోట

అసలు ముడి ఇక్కడుంది. విచారణ ఖైదీకి మానసిక జబ్బు వచ్చింది. తన మీద కేసేమిటో, వకీలుకు ఏం చెప్పాలో అర్థం కాని స్థితి అయితే కోర్టు విచారణ ఆపేయాలి. న్యాయమే కదా. కానీ విచారణ ఆగితే తీర్పు లేదు, తీర్పు లేకపోతే శిక్ష లేదు, శిక్ష లేకపోతే విడుదల తేదీ లేదు. ఇటు దవాఖాన అతన్ని ఖైదీ అంటుంది, అటు జైలు పేషెంటు అంటుంది.

ఇది ఊహ కాదు. అస్సాంలో మచాంగ్ లాలుంగ్ అనే ఆయనను 1951లో పట్టుకుని తేజ్‌పూర్ మానసిక వైద్యశాలకు పంపారు. 1967లో బాగైపోయాడని డాక్టర్లు రాశారు. ఇంటికి పంపకుండా జైలుకు మార్చారు. 2005లో, 54 ఏళ్ల తర్వాత, ఒక్క రూపాయి సొంత పూచీకత్తు మీద బయటికొచ్చాడు. విచారణ ఏనాడూ జరగలేదు. బీహార్‌లో రుదుల్ సాను 1968లో నిర్దోషి అని వదిలేయమన్నారు, 1982 దాకా వదల్లేదు. ఎందుకయ్యా అంటే మతి సరిగా లేదన్నారు, దానికి సరైన కాగితం చూపలేకపోయారు. ప్రభుత్వం చేతిలో పోయిన హక్కుకు సుప్రీంకోర్టు నేరుగా డబ్బు పరిహారం ఇప్పించడం ఆయన కేసుతోనే మొదలైంది, 1983లో. పద్నాలుగేళ్లకు 35,000 రూపాయలు.

మన గడ్డ మీద కథ వేరే రకం. సాయుధ పోరాట కాలంలో హైదరాబాద్ రాష్ట్రపు ప్రత్యేక ట్రిబ్యునళ్లు రైతులకు ఉరిశిక్షలు వేశాయి. ఆ కేసు జనార్దన్ రెడ్డి పేరుతో 1951లో సుప్రీంకోర్టులో నడిచినప్పుడు వాళ్ల తరఫు వాదనల్లో ఒకటి, విచారణలో మాకు వకీలు లేడు అన్నది. ఆ ఒక్క కారణానికి విచారణ చెల్లకుండా పోదని కోర్టు అంది. ఉరి తప్పింది, కానీ ఆ తీర్పు వల్ల కాదు. కృష్ణ దాటితే అప్పటి కర్నూలు జిల్లా, అక్కడ కోయిలకుంట్ల (ఇప్పుడు నంద్యాల జిల్లా) సబ్‌జైలు. 1977 మేలో రాత్రిపూట దాని మీద బాంబులేసి లోపలున్న చల్లా చిన్నపరెడ్డిని చంపేశారు. జైల్లో ఉన్నంత మాత్రాన బతికే హక్కు పోదని, కాపాడే బాధ్యత సర్కారుదేనని 2000లో సుప్రీంకోర్టు ఆ కేసులోనే తేల్చింది. ఇరవై మూడేళ్లు పట్టింది, కానీ ఈ రోజు ఏ ఖైదీ దవాఖాన దొరక్క చనిపోయినా వకీళ్లు ఆ తీర్పు పట్టుకుని నిలబడతారు.

మన పిల్లగాడిలాంటి వాడికి దారి రెండు చట్టాల్లోనూ ఉంది, ఒకే చోట లేదు, అంతే. మానసిక ఆరోగ్య చట్టం 103వ సెక్షన్ ప్రకారం జబ్బున్న ఖైదీని జైలు వైద్య విభాగంలోని మానసిక వార్డుకో, అక్కడ లేకపోతే మానసిక వైద్యశాలకో మార్చాలి. జైలు డాక్టరు మూడు నెలలకోసారి బోర్డుకు రిపోర్టు పంపాలి. దవాఖానలో గడిపిన రోజులు కూడా కస్టడీ లెక్కలోకే వస్తాయి, చార్జిషీటుకు పెట్టిన ఆ 60 రోజులు మనిషి మంచం మీదున్నా నడుస్తూనే ఉంటాయి. ఇక నాగరిక సురక్ష సంహిత ప్రకారం, విచారణ ఆగేంత జబ్బు అయితే, నేరం బెయిల్ ఇవ్వదగ్గదైనా కాకపోయినా, వార్డులో ఉండాల్సిన అవసరం లేదని తేలి, ఓపీలో చూపించుకుంటామని, ఎవరికీ హాని జరక్కుండా చూసుకుంటామని ఇంటివాళ్లు రాసిస్తే కోర్టు బెయిల్ మీద ఇంటికి పంపాలి. ఇది చాలామంది వకీళ్లకే గుర్తు రాదు. దవాఖాన మంచానికి గొలుసుతో కట్టడం కూడా కుదరదు. హరియాణాలో ఒక నిందితుణ్ని అలా కట్టినందుకు 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

ఇదంతా నడిపించడానికి డబ్బు కావాలా? అక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లో ఉచిత వకీలు ఎవరికి దొరుకుతాడో రాసినచోట ఒకే వాక్యంలో కస్టడీలో ఉన్నవాళ్లనూ మానసిక వైద్యశాలలో ఉన్నవాళ్లనూ కలిపారు. ఆ వాక్యం రాసినవాళ్లకు ఈ సందు తెలుసనిపిస్తుంది. ఆస్తి, ఆదాయం అడగరు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది, ఫోన్ అయితే 15100. అర్జీ తెలుగులో రాయవచ్చు, చేతిరాత చాలు. పేరు, తండ్రి పేరు, ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషను, అరెస్టు తేదీ, దవాఖానకు పంపిన తేదీ. ఈ చివరి రెండూ లేకపోతే మిగతావి ఎంత బాగా రాసినా పని నడవదు.

ఆ తల్లికి అరెస్టు తేదీ తెలియదు. "పీర్ల పండుగ అయినంక రెండో అంగడి నాడు" అంది. ఎఫ్ఐఆర్ చూసి, కేలండర్ పెట్టి లెక్క కడితే ఆ రోజుకు 33 రోజులు. ఇంకా 27 ఉన్నాయి. రెండు అర్జీలు రాశాను. ఒకటి న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి, వకీలు కావాలని, కొడుకును చూడనివ్వాలని. ఇంకోటి కోర్టుకు, ఏ దవాఖానలో, ఏ వార్డులో, ఏ మందుల మీద ఉన్నాడో రిపోర్టు తెప్పించమని. కవరులోని బట్టల సంగతి కూడా మొదటి అర్జీలో ఒక లైను రాశాను. రోగి అనుకుంటే సొంత బట్టలు వేసుకునే హక్కుంది, రిమాండ్ ఖైదీ అనుకున్నా ఉంది, ఎటు చూసినా ఆపడానికి లేదు.

నాలుగో రోజు ఆమెను లోపలికి పంపారు. బట్టలు చేరాయి. పల్లీలు మాత్రం గేటు దాటలేదు.